గంజాం అంటే ఏ ఊరు?

మారిషస్‌లోని మోకాలో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ భద్రపరచిన వలస రిజిస్టర్లలో ఒక్కో కూలీకి దక్కిన చోటు ఒక్క వరుసే. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు. 1834 నుంచి 1920 వరకు సుమారు ఐదు లక్షల మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ దీవిలో దిగారు. తెలుగు జిల్లాల వారూ వారిలో ఉన్నారు. నేడు వారి వారసులకు ముత్తాత పుట్టిన ఊరిని చెప్పే ఆధారం చాలాసార్లు ఆ ఒక్క వరుసే.

ఆ వరుసను చదవడం తేలిక కాదు. చెప్పినవాడికి అక్షరం రాదు, రాసినవాడికి తెలుగు రాదు. చెవికి తోచినట్టు ఇంగ్లీషు లిపిలో పడిన ఊరి పేరులో త, ట, ద, డ ఏకమైపోతాయి. అందుకే ముందు అదే గుమాస్తా రాసిన ఇతర పేర్లతో అక్షరాల వంపులను పోల్చాలి. తర్వాత ఆ పేరును కంటితో కాక నోటితో చదవాలి. పక్క నంబర్లలో ఉన్నవారి ఊళ్లనూ చూడాలి. ఒకే ఊరివారు కలిసి ఓడ ఎక్కడం అరుదు కాదు. అన్నీ సరిపోయాక కూడా ఆ పేరు ‘కొత్తపేట’ అని తేలితే, అలాంటి ఊళ్లు ఆంధ్రదేశంలో ఎన్నో!

ఊరు తేలినా జిల్లా పేరు దారి తప్పించగలదు. రిజిస్టరులో గంజాం అని ఉంటే నేటి పాఠకుడు ఒడిశాలో వెతుకుతాడు. కానీ నాటి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా. చికాకోల్, అంటే శ్రీకాకుళం, అందులోనిదే. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం అటు వెళ్లింది, శ్రీకాకుళం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో అది వేరే జిల్లా అయింది. మనిషి పుట్టిన ఊరు కదలలేదు, సరిహద్దులే కదిలాయి.

స్వదేశంలో సరిచూసుకుందామంటే ఆ దారీ లేదు. 1871-72 నుంచి బ్రిటిష్ పాలకులు జనాభా లెక్కలు తీసినా, మిగిల్చింది అంకెల పట్టికలను మాత్రమే. ఇంటింటా పేర్లు రాసిన కాగితాలను భద్రపరచలేదు. ప్రజలను లెక్కించడంలో ఉన్న శ్రద్ధ, వారిని గుర్తుంచుకోవడంలో లేదు.

2024 మార్చిలో మారిషస్‌లో పర్యటించిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, అక్కడి భారత సంతతి ఏడో తరానికీ ఓసీఐ అర్హత కల్పిస్తున్నట్లు ప్రకటించారు. హర్షించవలసిన నిర్ణయమే. అయితే ఏడు తరాల వెనుకకు నడిచే వారసుడికి చివరకు ఎదురయ్యేది పరాయి గుమాస్తా గీసిన ఆ గీతలే. తప్పుగా రాసింది రాజ్యం. దానిని సరిగా చదివి నిరూపించే భారం మాత్రం వారసుడిది. అస్పష్టమైన ఒక అక్షరం దరఖాస్తుదారుకు వ్యతిరేక సాక్ష్యం కారాదు. ఆ సందేహపు ఫలం, ఊరు పేరు చెప్పి ఓడెక్కిన మనిషికే దక్కాలి.