నలుగుపిండి ఎవరి ఒంటికి?

పట్టిసీమకి ఎగువన పాపికొండలు, అడవి. దిగువన ధవళేశ్వరం ఆనకట్ట, అది దాటితే వరిచేలు. వీరభద్రుడి కొండ చుట్టూ శివరాత్రికి మునకలేసే జనంలో చాలామంది ఇళ్ల స్నానాల గది ఈ రెండు వైపుల సరుకుతోనే నడిచింది. ఒంటికి రాసే పెసరపిండి డెల్టాది. వరి కోశాక మళ్లలో అపరాలుగా చల్లిన పంట. తలకి కుంకుళ్లు, సీకాయ కొండవి. కొండరెడ్లు ఏరుకొచ్చిన ఆ అడవి సరుకుకి ఒకప్పుడు షావుకారు చెప్పిందే ధర. ఆ దళారీల బెడద తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. ఆ పెసరపిండితో పెట్టే నలుగు సున్నితమైన చర్మం కోసం పుట్టింది కాదు. నువ్వులనూనె పట్టించి, ఆ జిడ్డు వదిలేలా రుద్దడానికి పుట్టింది. అష్టాంగహృదయం దీన్ని ఉద్వర్తనం అంటూ వ్యాయామం పక్కనే చెప్పింది; కఫాన్నీ కొవ్వునీ కరిగిస్తుందంది. అంటే గట్టి ఒళ్లకి గట్టి రుద్దుడు. ముట్టుకుంటే కందిపోయే చర్మానికి అదే పిండి, అదే చెయ్యి పనికిరావు.

మరి ఏవి ఎంచుకోవాలి? చరకసంహిత సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో మూలికల్ని పదేసి చొప్పున గుంపులు కట్టారు. వన్నె తెచ్చేవి ఒక గుంపు, దురద తగ్గించేవి ఇంకో గుంపు. వన్నె గుంపులో వట్టివేరు, మంజిష్ఠ, సుగంధిపాల ఉన్నాయి. మనం ముందు వెతికే పసుపు లేదు. రెండు గుంపుల్లోనూ కనిపించేవి చందనం, అతిమధురం. సున్నితమైన చర్మం ఉన్నవాళ్లు మొదలుపెట్టాల్సింది ఈ రెంటితోనే అని నా లెక్క. పసుపుని చరకుడు చర్మరోగాల మందుల్లో చేర్చాడు. అదే వరసలో నల్లజీడి కూడా ఉంది! రజకులు బట్టలకి గుర్తులు పెట్టిన ఆ గింజ రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. మూలికే కదా, ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లకి ఈ ఒక్క గింజ చాలు.

అంతకంటే దగ్గరి ప్రమాదం బావంచాలు. సువాసనకోసం, నిగారింపుకోసం సున్నిపిండిలో పోసే ఈ నల్లటి గింజల్లో సోరాలెన్ ఉంటుంది. ఎండ తగిలితే చర్మాన్ని కందేలా చేసి రంగు తేల్చే పదార్థం అది. అందుకే బొల్లికి మందైంది. 1970లలో పాశ్చాత్య వైద్యులు సోరాలెన్‌కి అతినీలలోహిత కిరణాలు జోడించి సోరియాసిస్‌కి చికిత్స మొదలుపెట్టారు, అదీ కొలత చూసుకుని. మనం చూస్తే బావంచాల పిండి రుద్దుకుని మిట్టమధ్యాహ్నం రేవులో నిలబడతాం. నిమ్మతొక్కలతోనూ ఇలాంటి పేచీయే.

చంటిపిల్లల విషయంలో మాత్రం మన ముసలమ్మలు తెలివిగానే ఉన్నారు. పెద్దల డబ్బా జోలికి పోకుండా ఉత్త పెసరపిండిని మీగడతో కలిపి, రుద్దకుండా అద్దేవారు. పొట్టు తీసిన పెసలు ఎండబెట్టి, మర పట్టించి, పలచటి పంచెగుడ్డలో పోసి దులిపితే కిందికి రాలేది పౌడరులా ఉంటుంది. పైన మిగిలే రవ్వ పెద్దలకి. వైద్యులు వస్త్రగాళితం అనేది దీన్నే. వట్టివేరు కలిపినప్పుడు ఇది తప్పనిసరి. జల్లెడలో ఆగని సన్నటి పీచు గుడ్డలో ఆగుతుంది, లేకపోతే ముళ్లలా గీసుకుంటుంది.

మళ్లీ పసుపు సంగతికొస్తే, అది గాయాలు మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంటు పట్టేశారు. మన పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. గెలిచాం, సంతోషం. కానీ బజారు పసుపుపొడిలో లెడ్ క్రోమేట్ లాంటి రంగులు కలిపే పాడుపని మన దగ్గరే ఉంది. కస్తూరి పసుపైనా సరే, కొమ్ము కొని ఇంట్లో దంచుకోండి.

మూలికలు పొట్లం కట్టించేటప్పుడు అన్నీ కలిపేయనివ్వకండి, వేటికవి విడిగా కట్టమనండి. ఒక్కోదాన్నీ చిటికెడు తడిపి మోచేతి మడతలో రాసి, ఒక రోజు చూసి, తర్వాత రెండోది కలపండి. ఎర్రబడితే ఏది పడలేదో అప్పుడు తెలుస్తుంది.