లేని తుపాను

1955 ఫిబ్రవరి 28వ తేదీన కొలంబియా దేశపు యుద్ధనౌక ‘కాల్డాస్’ నుండి ఎనమండుగురు నావికులు కరీబియన్ సముద్రములో పడిపోయిరి. అమెరికాలోని మొబైల్ రేవునుండి ఆ నౌక స్వదేశమునకు మరలి వచ్చుచుండెను. పడినవారిలో లూయీస్ వెలాస్కో ఒక్కడే పదిదినములు అన్నపానములు లేక తెప్పపై కొట్టుకొనిపోయి, ప్రాణములతో ఒడ్డు చేరెను. ప్రమాదమునకు తుపానే కారణమని రోహాస్ పినిల్యా సైనిక ప్రభుత్వము ప్రకటించెను. వెలాస్కోకు ఊరూర సన్మానములు జరిగెను.

బొగొటా నగరమునందలి ‘ఎల్ ఎస్పెక్టదోర్’ పత్రికలో గాబ్రియేల్ గార్షియా మార్క్వెజ్ అప్పుడు విలేఖరి. ఆయన ఆ నావికుని దినమునకు ఆరుగంటల చొప్పున ఇరువది దినములు ప్రశ్నించెను. చెప్పినదానిలో పొంతన కుదురునో లేదోయని చిక్కుప్రశ్నలు వేసెను. తుపానును వర్ణింపుమని యడుగగా, అసలు తుపానే లేదని అతడు బదులు చెప్పెను.

జరిగినది వేరు. నౌక పైతట్టున రెఫ్రిజిరేటర్లు, టెలివిజన్లు, బట్టలుతుకు యంత్రములు దొంగసరకుగా పేర్చబడియుండెను. గాలికి నౌక ఒరుగగా ఆ సరకు కట్లు తెగి, మనుష్యులతోకూడ నీట పడెను. బరువుచేత నౌక వెనుకకు తిరిగి వారిని రక్షింపలేకపోయెను.

ఈ వృత్తాంతము నావికుని పేరనే 14 భాగములుగా వెలువడెను. ప్రభుత్వము కాదనగా, పత్రికవారు తోడి నావికులు తీసిన ఛాయాచిత్రములను సంపాదించి అచ్చువేసిరి. వానిలో పెట్టెలపైనున్న కర్మాగారపు గుర్తులు సయితము కానవచ్చెను. తరువాత వెలాస్కో కొలువు పోయెను. కొన్ని నెలలకు పత్రిక మూతపడెను. యూరపునకు పంపబడిన మార్క్వెజ్ పారిస్‌లో జీతము లేక నిలిచిపోయెను. రాని పింఛనుకై ఎదురుచూచు వృద్ధ సైనికుని కథను ఆయన ఆ లేమిలోనే వ్రాసెను.

ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చిన ‘నూరేండ్ల ఏకాంతము’ 1967లో వెలువడెను. 1928లో సియెనగాలో సమ్మె చేసిన అరటితోటల కూలీలపై సైన్యము కాల్పులు జరిపెను. మృతులెందరో నేటికిని తేలలేదు. నవలలో ఆ కాల్పులనుండి బయటపడినవాడు వేలమంది మరణించిరని చెప్పును; ఏమియు జరుగలేదని అధికారులందురు; ఊరు అధికారులనే నమ్మును. తుపాను కట్టుకథను బయటపెట్టిన విలేఖరికి ఈ ఘట్టము కేవలము కల్పన కాదు.

1982లో మార్క్వెజ్‌కు నోబెల్ బహుమానము లభించెను. అయినను ఆయన విలేఖరి వృత్తిని మరువలేదు. కొలంబియాలోని అపహరణలను గూర్చి విచారించి 1996లో మరియొక గ్రంథము ప్రకటించెను. 2014లో ఆయన మరణించునాటికి లోకము ఆయనను అద్భుతకథల రచయితగా కొనియాడుచుండెను. కాని ఆ అద్భుతములకు పునాది, విన్నదానిని వెంటనే నమ్మక మరల అడుగు విలేఖరి బుద్ధియే.