లేని కాలి సలుపు

రామతీర్థం కొండల మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉన్నారు, ఆ తర్వాత జైన మునులు ఉన్నారు. గురుభక్తుల కొండ మీది స్తూపాన్ని, విహారాలను 20వ శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ తవ్వించి వెలికితీశాడు. తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడి పేరు ఇక్కడి శాసనంలో కనిపిస్తుంది. ఇప్పుడు మాత్రం ఇది రాముడి ఊరు. రాముడి క్షేత్రమే అయినా శివరాత్రి జాతరకు జనం ఇసకేస్తే రాలనట్టు వస్తారు. నీలాచలం మెట్లెక్కి మొక్కు తీర్చుకుంటారు.

మెట్లెక్కడానికి కాళ్లుండాలి. కాళ్లు పోగొట్టుకున్న మనుషుల కథ కూడా ఈ చుట్టుపక్కల చాలానే ఉంది. దాన్ని మాత్రం ఎవరూ తవ్వితీయలేదు.

ఆ కథలో మొదట చెప్పుకోవాల్సింది పెద్దరోగం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కుష్ఠు ఒకప్పుడు బాగా ఎక్కువ. జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆస్పత్రిని నిలబెట్టారు. విజయనగరంలో లెప్రసీ మిషన్ ఆస్పత్రి వెలిసింది. 1980లలో రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స దేశంలో మొదలైనప్పుడు, తొలి విడతలో దాన్ని అందుకున్న జిల్లాల్లో ఈ రెండూ ఉన్నాయి. అంతకుముందు తరాలవారికి ఆ అదృష్టం లేదు. సంతల్లో, గుళ్ల దారుల్లో వేళ్లు అరిగిపోయిన చేతులు చాచి కూర్చున్నవారిని చూసిన ముసలివాళ్లు ఉత్తరాంధ్రలో ఇప్పటికీ ఉన్నారు.

కుష్ఠు వేళ్లను ఒక్కసారిగా కొరికేయదు. ముందు నరాన్ని చంపుతుంది. స్పర్శ పోతుంది. పొయ్యి మీది గిన్నె కాలుస్తున్నా తెలియదు, ముల్లు దిగినా తెలియదు. పుండు మీద పుండు పడి, ఎముక లోపలికి కరిగి, ఏళ్ల తరబడి వేలు కురచై చివరికి మొండి మిగులుతుంది. వైద్యులను ఆశ్చర్యపరిచిన సంగతి ఆ తర్వాతది. మారియాన్ సిమ్మెల్ అనే పరిశోధకురాలు 1956లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా మెల్లమెల్లగా వేళ్లు పోయినవారికి అవి ఇంకా ఉన్నట్టు అనిపించడం లేదని తేలింది. అదే రోగికి మిగిలిన మొండి వేలిని ఆపరేషన్ చేసి తీసేస్తే మాత్రం లేని వేలు తిరిగి వచ్చినట్టు అనిపించేది. నెమ్మదిగా పోయినదాన్ని మెదడు లెక్కలోంచి కొట్టేసుకుంటుంది. కత్తితో తెగినదాన్ని అంత తేలిగ్గా వదలదు.

రైలు కింద, లారీ కింద, మిల్లులో మిషన్ కింద పడి కాలు పోయినవారిలో, షుగర్ ముదిరి కాలు తీసేయించుకున్నవారిలో చాలామందికి ఈ అనుభవమే. మోకాలి కింద ఏమీ లేదు. అయినా బొటనవేలు మెలితిరిగినట్టు, అరికాలులో మేకు దిగినట్టు, పిక్క పట్టేసినట్టు ఉంటుంది. రాత్రిపూట సలుపు. దుప్పటి ఎత్తి చూస్తే పాదం ఉండాల్సిన చోట పరుపే కనిపిస్తుంది. అవయవం తీసేసినవారిలో సగానికి పైగా ఏదో ఒక దశలో ఈ నొప్పి పడతారని వైద్య గ్రంథాలు చెప్తాయి. ఇంట్లోవాళ్లు మాత్రం ‘మనసు చెదిరింది’ అంటారు, ‘ఏదో సోకింది’ అంటారు. లేనిచోట నొప్పేమిటని అడిగిన డాక్టర్లకూ కొదవ లేదు. అందుకే చాలామంది ఆ మాట పైకి చెప్పరు.

డాక్టర్లు దీన్ని కాగితం మీద పెట్టి చాలాకాలమైంది. ఫ్రెంచి సైన్యంలో శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే 16వ శతాబ్దంలోనే రాశాడు. 1797లో టెనెరిఫె దగ్గర కుడిచేయి పోగొట్టుకున్న ఇంగ్లీషు నౌకాధిపతి నెల్సన్, లేని చేతివేళ్లు తెలుస్తున్నాయి కాబట్టి ఆత్మ ఉన్నట్టేనని వాదించాడంటారు. అమెరికా అంతర్యుద్ధంలో వేలమంది సైనికుల కాళ్లూ చేతులూ తెగాక సైలస్ వీర్ మిచెల్ అనే నరాల వైద్యుడు ఈ బాధను దగ్గరగా చూశాడు. సాటి వైద్యులు నవ్వుతారని భయపడ్డాడో ఏమో, 1866లో మిచెల్ తన పేరు పెట్టకుండా ఓ పత్రికలో కథ రాశాడు. నాలుగు అవయవాలూ పోయిన డాక్టరు ఆ కథకు నాయకుడు. పాఠకులు దాన్ని నిజమని నమ్మి ఆ నాయకుడికి చందాలు పోగుచేశారు! వైద్యుడి హోదాలో ఈ బాధకు పేరు పెట్టడానికి ఆయనకు మరో ఐదేళ్లు పట్టింది.

పేరు దొరికింది గానీ మందు దొరకలేదు. మొండిని ఇంకాస్త పైకి కోశారు. నరాల చివర కట్టిన గడ్డలు తీసేశారు. వెన్నుపాములోకి వెళ్లే తీగలు తెంపారు. కొన్నాళ్లు తగ్గినట్టే ఉండి నొప్పి మళ్లీ వచ్చేది. లోపం మొండిలో ఉందనుకున్నంతకాలం కత్తి ఆగలేదు.

చూపును కాలి మీది నుంచి తల మీదికి తిప్పినవారిలో ముఖ్యుడు విళయనూర్ సుబ్రమణియన్ రామచంద్రన్. 1951లో తమిళ కుటుంబంలో పుట్టాడు, మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివాడు. రాజ్యాంగ ముసాయిదా కమిటీలో కూర్చున్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌కు మనవడు. ఆ తాతగారిది నెల్లూరు జిల్లా పుదూరు. అంటే మన గడ్డతోనూ కాస్త బంధుత్వం ఉన్నట్టే.

1991లో టిమ్ పాన్స్ బృందం కోతుల మీద ఒక సంగతి కనిపెట్టింది. చేతి నుంచి కబురు అందడం మానేసిన మెదడు భాగాన్ని పక్కనున్న ముఖం ఆక్రమించుకుంటోంది. కాలిఫోర్నియాలో ఉన్న రామచంద్రన్ ఇది చదివి, చేయి తెగిన ఓ యువకుడి కళ్లకు గంతలు కట్టి దూదిపుల్లతో చెంప మీద తాకాడు. లేని బొటనవేలు తాకినట్టుంది అన్నాడతను. ఖరీదైన మిషను లేదు, ఒక దూదిపుల్ల చాలింది.

ఆ తర్వాత అద్దం వచ్చింది. కొందరికి లేని చేతి పిడికిలి బిగుసుకుపోయి, గోళ్లు అరచేతిలో దిగుతున్నట్టుండేది. తెరవమని మెదడు ఆజ్ఞ ఇస్తుంది. తెరిచినట్టు తిరుగు కబురు రాదు. మరి ఆ కబురును కంటి ద్వారా పంపితే? మూతలేని అట్టపెట్టె మధ్యలో అద్దం నిలబెట్టి, మంచి చేతిని దాని ముందు పెట్టించాడు. అద్దంలోని ప్రతిబింబం పోయిన చేయి ఉండాల్సిన చోట కనబడుతుంది. రెండు చేతులనూ ఒకేసారి తెరుస్తున్నట్టు కదపమన్నాడు. కొందరికి పిడికిలి విడిపోయింది, నొప్పి సడలింది. 1995, 1996 సంవత్సరాల్లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

కాలికైతే పద్ధతి ఇంకా సులువు. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, రెండు తొడల మధ్య నిలువుటద్దం పెట్టుకోవాలి. మెరిసే వైపు మంచికాలి వైపుకు ఉండాలి, మొండి వెనక దాగాలి. అప్పుడు అద్దంలోకి చూస్తూ చీలమండ తిప్పాలి, వేళ్లు ముడిచి విప్పాలి. లేని కాలు కూడా అలాగే కదులుతున్నట్టు మనసులో అనుకోవాలి. తొందర పనికిరాదు.

ఇదంతా కనికట్టేమో అని తోస్తుంది. ఆ అనుమానం డాక్టర్లకూ వచ్చింది. వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆస్పత్రిలో కాలు పోయిన సైనికులను మూడు జట్లు చేశారు. ఒక జట్టు అద్దంలో చూసింది, ఒకటి గుడ్డ కప్పిన అద్దం ముందు కూర్చుంది, మూడోది కళ్లు మూసుకుని ఊహించుకుంది. రోజుకు 15 నిమిషాలు, నాలుగు వారాలు. 2007లో వచ్చిన ఫలితాల ప్రకారం అద్దం జట్టులో అందరికీ నొప్పి తగ్గింది, గుడ్డ కప్పిన జట్టులో ఆరుగురిలో ఒక్కరికే. జట్లు చిన్నవి. తర్వాతి అధ్యయనాల్లో ఫలితం అన్నిచోట్లా ఇంత ముచ్చటగా లేదు. కొందరికి తల తిరుగుతుంది, కొందరికి మొదట్లో నొప్పి పెరుగుతుంది. మెదడులో అసలేం జరుగుతుందన్నదాని మీదా శాస్త్రవేత్తలు ఇంకా తగువు పడుతూనే ఉన్నారు. సర్వరోగ నివారిణి అని అమ్మజూపితే నమ్మక్కర్లేదు. కానీ ఇంత చవకగా, కోతా మాత్రా లేకుండా ప్రయత్నించదగ్గది ఇంకొకటి చూపించడం కష్టం. మోటారుసైకిలు ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, అద్దంతో ఉపశమనం పొందిన స్టీఫెన్ సమ్నర్ అనే కెనడావాసి, సైకిల్ మీద అద్దాలు వేసుకుని కంబోడియా పల్లెలు తిరిగాడు. మందుపాతరల మీద కాలేసినవారికి వాటిని పంచి, వాడే తీరు నేర్పాడు.

మన దగ్గర కృత్రిమ కాలికి లోటు లేదు. జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ 1960ల చివర రూపుదిద్దిన రబ్బరు పాదం పొలంలో, బురదలో, చెప్పు లేకుండా నడిచేవాడి కోసం పుట్టింది. 1981లో ప్రమాదం తర్వాత కుడికాలు పోయిన సుధాచంద్రన్ ఆ జైపూర్ కాలితోనే మళ్లీ నాట్యం చేస్తే, ఆమె కథను సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో రామోజీరావు ‘మయూరి’గా తీశారు. 1985లో ఆ సినిమా చూసి కంటతడి పెట్టని తెలుగింటి ఆడపడుచు తక్కువ. విజయనగరం జిల్లా కొత్తవలస దగ్గర మంగళపాలెంలో గురుదేవా చారిటబుల్ ట్రస్టు ఉచితంగా కృత్రిమ కాళ్లు చేసి తొడుగుతోంది. మొండి చుట్టూ తడి ప్లాస్టరు పట్టీ చుట్టి అచ్చు తీయడం, ఆ అచ్చులో ప్లాస్టరు పోసి దిమ్మె చేసి ఆకురాయితో సరిచేయడం, వేడిచేసిన ప్లాస్టిక్ గొట్టాన్ని దాని మీదికి లాగడం, కింద పాదం బిగించడం: జైపూర్ కాలు తయారయ్యే తీరు ఇది. ఆ మొండిని ముట్టుకుని కొలత తీసుకునే మనిషికే లేని కాలి నొప్పి గురించి అడిగే వీలు అందరికన్నా ఎక్కువ.

కాబట్టి కాలు కొలిచే రోజునే ‘లేని కాలు సలుపుతోందా?’ అని అడగాలి, అవునంటే అద్దం పట్టుకోవడం నేర్పాలి. కాలు తీసే ప్రతి ఆస్పత్రిలో ఫిజియోథెరపీ గదికి ఒక నిలువుటద్దం పెద్ద ఖర్చు కాదు. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా కాలు పోయాక ఆ కాలే నొప్పి అంటుంటే, వారిని పిచ్చివాళ్లను చూసినట్టు చూడకండి. దగ్గర్లోని ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లి అద్దం చికిత్స గురించి అడగండి.