ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం: కేంద్రం అప్పుకి పార్లమెంటు, రాష్ట్రం అప్పుకి కేంద్రం.. మరి పంచాయతీ సంగతేంటి? మూడు ప్రభుత్వాల లెక్క ఇదీ

బడ్జెట్ సమావేశాలు మొదలైతే చాలు, పార్లమెంటులో అప్పుల మీద మాటల యుద్ధం మామూలే. రాష్ట్రాలు పరిమితి దాటి అప్పులు చేస్తున్నాయని కేంద్రం అంటుంది. మా చేతులు కట్టేసి మీరు మాత్రం ఇష్టం వచ్చినట్టు అప్పు చేస్తారా అని రాష్ట్రాల ఎంపీలు అడుగుతారు. ఇంతకీ ఎవరు ఎంత అప్పు చేయొచ్చు? ఆ పరిమితి పెట్టేది ఎవరు? మార్చేది ఎవరు? ఇది ఢిల్లీ గొడవే కదా అనుకోవద్దు. దీని ప్రభావం ఇంటి పన్ను దాకా, ఊళ్లో డ్రైనేజీ పనుల దాకా వస్తుంది.

ముందు రెండు మాటలు తెలుసుకోవాలి

ప్రభుత్వానికి అప్పులు కాకుండా ఏడాదికి వచ్చే డబ్బు కంటే ఖర్చు ఎంత ఎక్కువో, దాన్ని ద్రవ్యలోటు అంటారు. ఆ తేడాని అప్పు తెచ్చి పూడ్చాలి. జీతాలు, పెన్షన్లు, వడ్డీల లాంటి రోజువారీ ఖర్చులకు కూడా రాబడి చాలకపోతే అది రెవెన్యూ లోటు. రోడ్డు వేయడానికి అప్పు చేస్తే రోడ్డయినా మిగులుతుంది. రెవెన్యూ లోటు కోసం చేసిన అప్పుకి మిగిలేది వడ్డీయే. అందుకే దీన్ని ఎక్కువ ప్రమాదంగా చూస్తారు.

కేంద్రం: పరిమితి పెట్టేదీ మార్చేదీ పార్లమెంటే

రాజ్యాంగం 292వ అధికరణ ప్రకారం కేంద్రం అప్పులకి పార్లమెంటు చట్టం ద్వారా పరిమితి పెట్టొచ్చు. ఆ దారిలో వచ్చిందే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం. ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ చట్టం అని దీని పూర్తి పేరు. 2000 డిసెంబర్‌లో అప్పటి ఆర్థిక మంత్రి యశ్వంత్ సిన్హా హయాంలో లోక్‌సభలో బిల్లు పెట్టారు. అది స్థాయీ సంఘానికి వెళ్లింది. మొదటి బిల్లులోని కఠిన నిబంధనలు కొన్ని తర్వాత మెత్తబడ్డాయి. 2003లో చట్టమైంది, 2004 జులై 5 నుంచి అమల్లోకి వచ్చింది.

ద్రవ్యలోటు జీడీపీలో 3 శాతానికి తేవాలి, రెవెన్యూ లోటు సున్నా చేయాలి.. ఇవీ అప్పటి లక్ష్యాలు. 2008లో ప్రపంచ ఆర్థిక సంక్షోభం రాగానే లక్ష్యాలు పక్కకి వెళ్లాయి. 2012లో, 2015లో చట్టాన్ని సవరించారు. 2018లో ఏకంగా రెవెన్యూ లోటు లక్ష్యాన్నే తీసేశారు. 2021 మార్చి నాటికి ద్రవ్యలోటు 3 శాతం, 2024-25 చివరికి కేంద్రం అప్పు జీడీపీలో 40 శాతం అని కొత్త లెక్క పెట్టారు. కొవిడ్‌తో అదీ తప్పింది. 2020-21లో కేంద్రం ద్రవ్యలోటు 9 శాతం దాటింది.

చర్చ లేకుండానే మారిన చట్టం

2018 సవరణ విడిగా బిల్లు రూపంలో రాలేదు. ఆ ఏడాది ఫైనాన్స్ బిల్లులో ఒక భాగంగా వచ్చింది. మార్చి 14న లోక్‌సభలో ఆందోళనల మధ్య గిలటిన్ పద్ధతిలో, అంటే చర్చ లేకుండా నేరుగా ఓటింగ్ పెట్టి పాస్ చేశారు. ఆ రోజుల్లో వెల్‌లో నినాదాలు చేస్తున్న వాళ్లలో ప్రత్యేక హోదా అడుగుతున్న ఆంధ్రప్రదేశ్ ఎంపీలు కూడా ఉన్నారు.

ఫైనాన్స్ బిల్లు మనీ బిల్లు కాబట్టి రాజ్యసభ దాన్ని ఆపలేదు, సూచనలు మాత్రమే చేయగలదు. అంటే దేశం ఎంత అప్పు చేయొచ్చో చెప్పే చట్టం మారేటప్పుడు, రాష్ట్రాల తరఫున ఉన్న సభకి ఓటుతో అడ్డుకునే అవకాశం లేదు.

రాష్ట్రం: చట్టం సొంతం, తాళం ఢిల్లీలో

రాష్ట్రాలకీ ఎఫ్‌ఆర్‌బీఎం చట్టాలు ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో చేసింది. విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ దాన్ని సవరణలతో కొనసాగిస్తున్నాయి. ఈ చట్టాలను అసెంబ్లీలే చేశాయి కదా, మరి గొడవ ఎక్కడ?

గొడవంతా 293(3) అధికరణ దగ్గర. కేంద్రానికి రాష్ట్రం పాత బాకీ ఏమాత్రం ఉన్నా, కొత్త అప్పుకి కేంద్రం అనుమతి తప్పనిసరి. అనుమతి ఇచ్చేటప్పుడు షరతులు పెట్టొచ్చని 293(4) చెబుతోంది. పాత బాకీ లేని రాష్ట్రం ఆచరణలో కనపడదు. కాబట్టి ప్రతి రాష్ట్రం ఏటా ఢిల్లీ గడప తొక్కాల్సిందే.

15వ ఆర్థిక సంఘం 2023-24 నుంచి 2025-26 వరకు రాష్ట్రాల నికర అప్పుకి జీఎస్‌డీపీలో 3 శాతం పరిమితి సూచించింది. విద్యుత్ సంస్కరణలు చేస్తే అదనంగా 0.5 శాతం. వ్యవసాయ మోటార్లకి మీటర్ల వివాదం ముదిరింది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళం జిల్లాలో పైలట్‌గా మీటర్లు పెట్టింది. తెలంగాణ అప్పటి ప్రభుత్వం పెట్టేది లేదని తేల్చి చెప్పింది.

2022లో ఇంకో మార్పు వచ్చింది. కార్పొరేషన్ల పేరుతో తెచ్చిన అప్పుని రాష్ట్ర బడ్జెట్ నుంచి తీరుస్తుంటే, దాన్నీ రాష్ట్రం అప్పుగానే లెక్కిస్తామని కేంద్రం చెప్పింది. దీనిపై కేరళ సుప్రీంకోర్టుకి వెళ్లింది. రాష్ట్రాల అప్పు అదుపు తప్పితే దేశం మొత్తం పరపతి దెబ్బతింటుందన్నది కేంద్రం వాదన. 2024 ఏప్రిల్ 1న కోర్టు మధ్యంతర ఊరట ఇవ్వలేదు గానీ, 293పై ప్రశ్నలను ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది.

పంచాయతీ, మున్సిపాలిటీ: షరతులన్నీ చివరికి ఇక్కడికే

2020 మేలో కొవిడ్ టైమ్‌లో రాష్ట్రాల అప్పు పరిమితిని కేంద్రం 3 నుంచి 5 శాతానికి పెంచింది. అయితే అదనపు 2 శాతంలో ఎక్కువ భాగాన్ని సంస్కరణలకి ముడిపెట్టింది. అందులో ఒకటి పట్టణాల్లో ఆస్తి పన్నుని ప్రభుత్వం నిర్ణయించిన ఆస్తి విలువకి తగ్గట్టు మార్చడం. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది మున్సిపల్ చట్టాలను సవరించింది. అప్పటిదాకా అద్దె విలువ ఆధారంగా ఉన్న ఇంటి పన్ను 2021-22 నుంచి ఆస్తి మూలధన విలువ మీదకి మారింది. ఏటా పెంపు 15 శాతం మించకుండా సీలింగ్ పెట్టారు. ఢిల్లీలో అప్పు పరిమితి అనుమతి, అమరావతిలో చట్ట సవరణ, వార్డులో డిమాండ్ నోటీసు.. మూడూ ఒకే గొలుసు.

గ్రామాల్లో ఇంకో రకం షరతులు. 15వ ఆర్థిక సంఘం 2021-26 మధ్య స్థానిక సంస్థలకి ₹4,36,361 కోట్లు సిఫార్సు చేసింది. ఇందులో గ్రామీణ సంస్థల వాటా ₹2,36,805 కోట్లు. ఆ గ్రామీణ నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలి. పైగా ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే డబ్బు వస్తుంది. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేక అధికారుల పాలనే. ఎన్నికలు పెట్టాల్సింది సర్పంచ్ కాదు, నిధులు ఆగితే ఇబ్బంది పడేది మాత్రం ఊరే.

స్థానిక సంస్థలు అప్పు చేయలేవా అంటే, పెద్ద నగరాలు చేయగలవు. జీహెచ్‌ఎంసీ 2018లో బాండ్ల ద్వారా ₹200 కోట్లు సేకరించింది. చిన్న మున్సిపాలిటీకి, పంచాయతీకి అంత పరపతి ఎక్కడిది?

ఇక ఏం చూడాలి?

అరవింద్ పనగఢియా అధ్యక్షతన ఏర్పడిన 16వ ఆర్థిక సంఘం సిఫార్సులు 2026 ఏప్రిల్ 1 నుంచి ఐదేళ్లకి వర్తిస్తాయి. కాబట్టి బడ్జెట్ రోజు ఇన్‌కమ్ ట్యాక్స్ శ్లాబులతో పాటు మరో మూడు విషయాలు గమనించాలి. ఫైనాన్స్ బిల్లులో ఎఫ్‌ఆర్‌బీఎం సవరణ ఏదైనా దాగి ఉందా? రాష్ట్రాల అప్పు అనుమతికి కొత్త షరతు ఏమైనా పెట్టారా? స్థానిక సంస్థల నిధుల్లో ఊరు సొంతంగా ఖర్చు పెట్టుకునే వాటా ఎంత?

20 ఏళ్లలో కేంద్రం తన లక్ష్యం తప్పిన ప్రతిసారీ చట్టాన్ని మార్చుకునే వీలుంది. రాష్ట్రం పరిమితి దాటితే తర్వాతి అప్పులో కోత పడుతుంది. పంచాయతీ షరతు తప్పితే నిధులే ఆగిపోతాయి. పార్లమెంటులో నిజంగా జరగాల్సిన చర్చ ఈ తేడా మీదే.