రోటి పచ్చడీ, రెండు పెడల్స్ కారూ

"పచ్చడంటే రోట్లో నూరిందే పచ్చడి. మిక్సీలో తిప్పింది పచ్చడా, నా మొహం!" అనేవారు మా ఇంట్లో మగవాళ్ళు. రుచిలో తేడా ఉందన్నమాట నిజమే, నేను కాదనను. కాని ఆ మాట అన్నవాళ్ళలో ఒక్కరూ పచ్చడిబండ పట్టుకున్న పాపాన పోలేదు. భుజాలు నొప్పెట్టింది అమ్మకీ, అమ్మమ్మకీ. ఈ సంగతి నాకు ఇంగ్లండులో, ఒక పాత స్పోర్ట్స్ కారు ముందు నిలబడి ఉండగా జ్ఞాపకం వచ్చిందంటే మీరు నవ్వుతారేమో! చెబుతాను, వినండి.

మా పిన్ని డాక్టరు. 1975లో బాబాయితో కలిసి ఇంగ్లండు వెళ్ళింది. ఆస్పత్రిలో చేరిన మొదటి వారంలోనే అక్కడి పెద్ద డాక్టరుగారి ఎమ్.జి.బి. కారు చూసి మనసు పారేసుకుంది. నేలని కరుచుకుని, పొడుగాటి ముక్కుతో, ఇద్దరంటే ఇద్దరు కూచునే కారు. "ఎప్పటికైనా ఇలాంటిది కొనుక్కోవాలి" అనుకుంది. తరవాత ఇల్లు, పిల్లలు, వాళ్ళ చదువులు, పెళ్ళిళ్ళు. చూస్తూండగానే యాభై ఏళ్ళు దొర్లిపోయాయి. తీరా డబ్బూ, తీరికా చిక్కేసరికి ఎడమ మోకాలు మొరాయించింది. క్లచ్చి తొక్కాల్సింది ఆ కాలితోనే కదా!

"అయితే ఆటోమేటిక్ ఎమ్.జి.బి. కొంటాను" అంది పిన్ని.

"స్పోర్ట్స్ కారుకి ఆటోమేటిక్ గేరేమిటి? పులికి పెరుగన్నం పెట్టినట్టు!" అన్నారు బాబాయి.

నిరుడు వేసవిలో నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ఈ తగువు మంచి పాకాన పడి ఉంది. నేనా, బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని. యంత్రాలతో నా పరిచయం కుట్టుమిషను దాటి పోలేదు. అయినా ఎవరైనా 'అసలైనది', 'నకిలీది' అని గీత గీస్తే, ఆ గీత ఎవరు గీశారో చూడాలనిపిస్తుంది నాకు. పిన్ని దగ్గరున్న పుస్తకాలన్నీ ముందేసుకుని కూచున్నాను.

క్లచ్చి లేకుండా గేర్లు వాటంతటవే మారే కారు జనం కొనుక్కునేలా అమ్మకానికి వచ్చింది అమెరికాలో. 1939లో ఓల్డ్స్‌మొబీల్ కంపెనీ తన 1940 మోడలు కార్లకి 'హైడ్రామాటిక్' అనే గేరుపెట్టె పెట్టింది. తరవాత వచ్చిన వాటిలో కిటుకు ఏమిటంటే, రెండు టేబుల్ ఫాన్లు ఎదురెదురుగా పెట్టి ఒక్కదానికే స్విచ్చి వేయండి. ఆ గాలికి రెండోది కూడా మెల్లిగా తిరగడం మొదలుపెడుతుంది. గాలికి బదులు నూనె అనుకోండి, అంతే! ఒక చక్రం ఇంజనుతో తిరుగుతూ నూనెని తిప్పితే, ఆ నూనె రెండో చక్రాన్ని తిప్పుతుంది. మధ్యలో అతుకూ లేదు, తొక్కడమూ లేదు. దాని వెనక పళ్ళచక్రాలుంటాయి. నడిమి చక్రాన్ని సూర్యుడనీ, చుట్టూ తిరిగే వాటిని గ్రహాలనీ పిలుస్తారు ఇంజనీర్లు. ఎంతటి కారైనా గ్రహచారం తప్పించుకోలేదన్నమాట!

యుద్ధం అయ్యాక ఇంగ్లండుకి డాలర్లు కావాలి, డాలర్లు రావాలంటే అమెరికాలో కార్లు అమ్మాలి, అమెరికా వాళ్ళేమో క్లచ్చి మరిచిపోతున్నారు. అందుకని జాగ్వార్ కంపెనీ 1953లో తన పెద్ద కారుకి ఆటోమేటిక్ పెట్టింది. ఆ దశాబ్దంలోనే ఎక్స్‌కె 140 అనే స్పోర్ట్స్ కారుక్కూడా ఇచ్చింది. 1961లో జెనీవాలో అందరి కళ్ళూ చెదరగొట్టిన ఈ-టైపు జాగ్వార్‌కి మాత్రం మొదట్లో ఆటోమేటిక్ లేదు. 1966లో వెనక పిల్లలు కూచునేందుకు రెండు సీట్లు చేర్చి, చక్రాల మధ్య దూరం తొమ్మిది అంగుళాలు పెంచారు. అప్పుడు ఆటోమేటిక్‌కీ చోటు దొరికింది. అంటే సంసారం వచ్చాక సౌకర్యం వచ్చిందన్నమాట. "అందం చెడింది" అన్నారు శుద్ధాచారులు. సంసారుల్ని చూసి బ్రహ్మచారులు ఎప్పుడూ అనే మాటే అది!

నాకు అన్నిటికన్నా నచ్చింది డెయిమ్లర్ ఎస్.పి. 250 కథ. 1959లో వచ్చిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారది. అప్పట్లో లండన్ చుట్టుపక్కల మోటారుసైకిళ్ళ మీద గంటకి వంద మైళ్ళ వేగంతో దూసుకుపోవడం కుర్రకారుకి సరదా. వాళ్ళని పట్టుకోవడానికి లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు ఈ డెయిమ్లర్లు కొన్నారు. కొన్నవి ఏవనుకున్నారు? ఆటోమేటిక్‌వే! రోజంతా ఊరి ట్రాఫిక్‌లో తిరుగుతూ, అవసరం పడగానే ఉరకాలంటే అదే అనువు. నేను ఈ సంగతి చదివి వినిపించగానే బాబాయి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఇక మా పిన్ని మనసు దోచిన ఎమ్.జి.బి. సంగతి. 1962లో ఆక్స్‌ఫర్డ్‌కి దగ్గర్లోని ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్ళో తయారవడం మొదలైంది. 1965లో పైకప్పుతో జి.టి. వచ్చింది. 1967 చివర్లో ఆటోమేటిక్ ఇవ్వసాగారు. మూడు గేర్లది, బోర్గ్-వార్నర్ 35 అనే రకం. విచిత్రం ఏమంటే, ఆటోమేటిక్ అంటే పడిచచ్చే అమెరికాకి మాత్రం దీన్ని పంపలేదు. స్వదేశంలోనూ పెద్దగా గిరాకీ లేక 1973లో మానేశారు. 1980లో ఆ ఫాక్టరీయే మూతపడింది. అప్పటికి అయిదు లక్షలకి పైగా ఎమ్.జి.బి.లు తయారైతే, ఆటోమేటిక్‌లు అందులో పిడికెడు. ఉన్నమాట చెప్పుకోవాలి: ఆటోమేటిక్ కారు ఉరకడంలో కాస్త మందం, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది. మిక్సీ పచ్చడి రుచి తగ్గినట్టే! కాని తినడమే మానుకోవడం కంటే నయం కదా?

ఆక్స్‌ఫర్డ్ దాటాక ఒక పల్లెలో 1971 నాటి జి.టి. అమ్మకానికుందని తెలిసి ముగ్గురం వెళ్ళాం. అమ్మే పెద్దమనిషి మర్యాదస్తుడే. కాని పిన్నిని వదిలేసి బాబాయితోనే మాట్లాడాడు. "ఆటోమేటిక్ కనక ధర కూడా తక్కువే. కావాలంటే ఆ పెట్టె పీకించి మామూలు గేర్లు వేయించుకోవచ్చు, చాలామంది అదే చేస్తున్నారు" అన్నాడు.

నా ప్రాణం చివుక్కుమంది. ఉన్నదే పిడికెడు. ఆ కాసిన్నీ పీకి పారేస్తే, రేపు చరిత్ర రాసేవాళ్ళకి అలాంటి కార్లు ఉన్నట్టు కూడా తెలియదు. వాటిని కోరుకున్న మనుషులుండేవారనీ తెలియదు. కాళ్ళు నొప్పులవాళ్ళు, యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళు, వయసు మళ్ళినా సరదా మళ్ళనివాళ్ళు! డరోతీ లెవిట్ అనే ఇంగ్లీషు వనిత 1909లోనే ఆడవాళ్ళ కోసం కారు నడపడం మీద పుస్తకం రాసింది. చేతి అద్దం దగ్గరుంచుకుని వెనక వచ్చేవాళ్ళని చూసుకోమని అందులో సలహా ఇచ్చింది. అప్పుడు దాన్ని సింగారం అనుకున్నవాళ్ళూ ఉండే ఉంటారు. ఇవాళ అద్దం లేని కారుందా?

పిన్ని ఎవరి మాటా వినిపించుకోలేదు. రోగిని పరీక్ష చేసినట్టు చేసింది. ముందు తలుపుల కింద ఉండే సిల్స్ అనే రేకు తట్టి చూసింది. ఈ కారుకి విడిగా చట్రం లేదు, ఒంటి రేకే దాని బలం. అక్కడ తుప్పు పడితే వెన్నెముక పుచ్చినట్టే. తరవాత ఇంజను నడుస్తూండగా గేరుపెట్టె నూనె కొలిచే పుల్ల లాగి వాసన చూసింది. దానిమ్మరసంలా ఎర్రగా ఉంటే ఆరోగ్యం. నల్లబడి కాలిన కంపు కొడితే రోగం లోపల ముదిరినట్టు. చివరికి బ్రేకు మీద కాలుంచి గేరు వేసింది. ధభీమని కుదుపు లేకుండా మెత్తగా అందుకుంది.

ఆ ఇంజను చప్పుడు నాకు ఎక్కడో విన్నట్టే ఉంది. పిన్ని నా వైపు చూసి, "గుర్తుపట్టావుటే? తాతయ్య అంబాసిడర్!" అంది.

నిజమే! మన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కడుపున పుట్టింది. దానికి ఎన్నో ఏళ్ళపాటు ఉన్న 1489 సి.సి. ఇంజనూ, ఎమ్.జి.బి. 1798 సి.సి. ఇంజనూ ఒకే కుటుంబం, బి-సిరీస్ అంటారు. చిన్నక్కా, పెద్దక్కా లాంటివి. ఒకటి ఆబింగ్డన్‌లో షోకు చేసింది, ఒకటి మన ఊళ్ళలో పెళ్ళివారిని మోసింది.

ఆ అంబాసిడర్ మీదే మా అమ్మ డ్రైవింగు నేర్చుకోబోయింది. రెండు రోజులు చూసి, "క్లచ్చి నీవల్ల కాదులే" అన్నారు ఇంట్లో. అమ్మ మారు మాట్లాడకుండా వెనక సీట్లో కూచుంది. పోయేవరకూ వెనక సీట్లోనే కూచుంది. క్లచ్చి లేని కారు కూడా కారేనని ఆ రోజున ఒక్కరు చెప్పి ఉంటే!

"అక్కయ్య ఉంటే ముందు సీట్లో కూచోపెట్టుకునేదాన్ని" అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. వెంటనే అమ్మే ఆయన వైపు తిరిగి, "పెట్టె పీకించను. ఇలాగే కావాలి" అంది.

తిరుగు ప్రయాణంలో పిన్ని కారు నడిపింది, నేను పక్కన కూచున్నాను. బాబాయి మా వెనకే తమ మామూలు కారులో, ప్రతి సిగ్నలు దగ్గరా క్లచ్చి తొక్కుకుంటూ వచ్చారు. ఆ రాత్రి పిన్ని దోసకాయ పచ్చడి చేసింది, మిక్సీలోనే. బాబాయి రెండోసారి వడ్డించుకుని, ఎటో చూస్తూ అన్నారు:

"రేపొకసారి ఆ తాళాలు ఇలా ఇస్తావా?"