ఫ్యాట్32: 4 జీబీ దాటని ఫైలు

ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌, మెమరీ కార్డు, హార్డ్‌డిస్క్‌లలో ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి చేరలేదు. డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందన్నదానితో దీనికి సంబంధం లేదు. 32 జీబీ పెన్‌డ్రైవ్ పూర్తిగా ఖాళీగా ఉన్నా 6 జీబీ పెళ్లి వీడియో అందులోకి ఎక్కదు. విండోస్ అయితే ఫైలు మరీ పెద్దదని ముందే చెప్పి ఆపేస్తుంది. లినక్స్‌లో కాపీ 4 జీబీ దాకా సాగి ఆగిపోతుంది, సగం ఫైలు డ్రైవ్‌లో మిగిలిపోతుంది. పెన్‌డ్రైవ్ పాడైందని చాలామంది అనుకునేది ఇక్కడే. నిజానికి దానికి ఏ లోపమూ లేదు.

కారణం ఫైళ్ల జాబితా రాసుకునే తీరులో ఉంది. ఫ్యాట్ పద్ధతిలో ప్రతి ఫైలుకూ 32 బైట్ల నమోదు ఒకటి ఉంటుంది. పేరు, తేదీ, ఫైలు మొదలయ్యే చోటు అందులో ఉంటాయి. చివరి 4 బైట్లు ఫైలు పరిమాణానివి. నాలుగు బైట్లంటే 32 బిట్లు. వాటిలో పట్టే అతి పెద్ద అంకె 429,49,67,295. అంతకు ఒక్క బైటు పెరిగినా ఆ అంకె రాయడానికి గడి చాలదు.

ఫ్యాట్32ను మైక్రోసాఫ్ట్ 1996లో, విండోస్ 95 రెండో కూర్పుతో తెచ్చింది. ఆనాటి హార్డ్‌డిస్క్‌లే కొద్ది జీబీలవి కాబట్టి ఆ గడి అప్పట్లో విశాలమైనదే. వీడియో వచ్చాక అది ఇరుకైంది: సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే పదకొండున్నర నిమిషాలకే నిండిపోతుంది. 32 జీబీ లోపు మెమరీ కార్డులకు ఫ్యాట్32 ప్రమాణం కావడంతో, చాలా కెమెరాలు ఒకే షాట్‌ను 4 జీబీ ముక్కలుగా రాస్తాయి. ఎడిటింగ్‌లో వాటిని వరసగా అతుక్కోవాలి.

ఈ హద్దు లేని పద్ధతుల్లో ముఖ్యమైనవి ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్. ఎన్‌టీఎఫ్‌ఎస్ 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. మ్యాక్ దాన్ని చదువుతుంది గాని, అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా అందులో రాయలేదు. 2006 నాటి ఎక్స్‌ఫ్యాట్ విండోస్, మ్యాక్ రెండింట్లోనూ చదవడానికీ రాయడానికీ పనికొస్తుంది; పరిమాణానికి అందులో 8 బైట్ల గడి ఉంది. 2019లో మైక్రోసాఫ్ట్ దాని వివరాలు బయటపెట్టడంతో లినక్స్‌కూ సులువైంది. చేతులు మారే డ్రైవ్‌కు ఇదే మేలు. పాత టీవీలు, కార్ స్టీరియోలు కొన్ని మాత్రం దీన్ని గుర్తించవు.

పద్ధతి మార్చాలంటే సాధారణంగా ఫార్మాట్ చేయాలి, ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా చెరిగిపోతుంది. ఫొటోలు ముందే మరోచోట దాచుకోవడం తప్పనిసరి. ఫ్యాట్32 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మారడానికి మాత్రం విండోస్‌లో కన్వర్ట్ అనే కమాండ్ ఉంది. అది ఫైళ్లను చెరపదు. ఎక్స్‌ఫ్యాట్‌కు అలాంటి దారి లేదు.

ఫార్మాట్ చేయడం కుదరనప్పుడు సెవెన్‌జిప్ అనే ప్రోగ్రాంతో ఫైలును ముక్కలు చేసి పంపవచ్చు. అవతల మళ్లీ కలిపితే తప్ప వీడియో సరిగా ఆడదు కాబట్టి, టీవీకి పెట్టి చూడాలనుకునేవారికి ఇది అక్కరకు రాదు.

ఫ్యాట్32ను వదలలేని సందర్భమూ ఒకటుంది. కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే యూఈఎఫ్ఐ ప్రోగ్రాం చాలా యంత్రాల్లో ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌నే చదవగలదు. అలాంటి పెన్‌డ్రైవ్‌లో పెట్టాల్సిన విండోస్ ఇన్‌స్టాలేషన్‌లోని ప్రధాన ఫైలు, ఇన్‌స్టాల్.విమ్, కొన్ని కూర్పుల్లో 4 జీబీ దాటుతుంది. అప్పుడు విండోస్‌లోని డిస్మ్ కమాండ్‌తో దాన్ని ఎస్‌డబ్ల్యూఎం ముక్కలుగా విడగొడతారు. విండోస్ సెటప్ ఆ ముక్కలను తానే వరసగా చదువుకుంటుంది.