పగడం, సజీవశిల, ఎగుమతి ఆంక్ష: ఫిలిప్పీన్స్ నుంచి ఇండోనేషియా వరకు (1977–2020)

వ్యాససంగ్రహం

ఉప్పునీటి అక్వేరియంల కోసం సాగే పగడాల, సజీవశిలల వ్యాపారంపై వివిధ దేశాలు విధించిన ఎగుమతి ఆంక్షల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఫిలిప్పీన్స్, ఫ్లోరిడా, ఫిజీ, ఇండోనేషియా అనుభవాలను కాలక్రమంలో వివరించి, ఆంక్ష ఫలితం దాని కాఠిన్యం కంటే అది సరుకును నిర్వచించిన తీరు మీదనే ఎక్కువగా ఆధారపడిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పగడపు దిబ్బలు, సజీవశిల, సైటిస్ ఒప్పందం, ఎగుమతి నిషేధం, పర్యావరణ చరిత్ర, సముద్ర పెంపకం.

1. ఉపోద్ఘాతం

కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దపు నడిమి కాలంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం, ఓడవర్తకుల సరుకుల మీద తీసుకోవలసిన సుంకాలను పేర్కొంటుంది. ఆ సరుకుల్లో కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టుదారాలతో పాటు పగడాలు కూడా ఉన్నాయి. తెలుగు వ్యవహారంలో పగడమంటే నవరత్నాల్లో ఒకటైన ఆ ఎర్రని పూసే. ఈ వ్యాసం చర్చించే పగడం అది కాదు. వెచ్చని, లోతులేని సముద్రాల్లో సున్నపు అస్థిపంజరాలను నిర్మించుకుంటూ దిబ్బలుగా పెరిగే రాతి పగడం ఇక్కడి విషయం. పూసగా మారిన పగడం ప్రాణంలేని వస్తువు. అక్వేరియం కోసం ఓడరేవునో విమానాశ్రయాన్నో చేరే పగడం మాత్రం ప్రాణంతో ప్రయాణించాలి. గమ్యం చేరేలోగా చనిపోతే దాని ధర పడిపోతుంది.

ఈ ప్రాణమున్న సరుకును దేశం దాటకుండా ఆపడానికి ప్రభుత్వాలు చేసిన ప్రయత్నాలకు దాదాపు అర్ధశతాబ్దపు చరిత్ర ఉంది. ఈ చరిత్రను దిబ్బలను కాపాడిన కథగా కొందరు, మత్స్యకారుల పొట్టకొట్టిన కథగా మరికొందరు చెబుతారు. రెండు కథనాల్లోనూ కొంత నిజముంది. అయితే రెండూ ఒక మౌలికాంశాన్ని వదిలేస్తున్నాయి. నిషేధించిన వస్తువు ఏది? ప్రతి ఆంక్షా ముందుగా తన వస్తువుకు ఒక పేరు పెట్టవలసి వచ్చింది. ఆ పేరు పరిధిలోకి రానిది వ్యాపారంలో మిగిలింది. రాకూడనిది వచ్చినచోట నష్టం వాటిల్లింది.

2. సరుకుగా మారిన దిబ్బ

వ్యాపార వ్యవహారంలో 'లైవ్ రాక్' అనే దాన్ని ఈ వ్యాసం సజీవశిల అంటుంది. నిజానికి ఆ రాయికి ప్రాణం లేదు. అది చనిపోయిన పగడాల సున్నపు ముక్క. దాని పైనా రంధ్రాల్లోనూ ఎర్రని సున్నపు నాచు, స్పంజికలు, పురుగులు, లెక్కలేనన్ని సూక్ష్మజీవులు నివసిస్తాయి. చేపల విసర్జనలోని అమ్మోనియాను ఈ సూక్ష్మజీవుల్లో కొన్ని నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మారుస్తాయి. ప్రాణవాయువు అందని లోపలి రంధ్రాల్లోని మరికొన్ని ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి నీటినుంచి తొలగిస్తాయి. అంటే అక్వేరియంలో ఈ రాయి అలంకారం మాత్రమే కాదు, నీటిని శుద్ధిచేసే సాధనం కూడా.

ఈ పద్ధతిని తొలుత ప్రచారంలోకి తెచ్చినవారిలో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ముఖ్యుడు. సముద్రపు రాళ్లు, బ్రతికున్న పగడాలు, గాలిబుడగలు చాలని 1960ల ప్రారంభంలో ఆయన ప్రకటించాడు. తరువాతి దశాబ్దాల్లో బెర్లిన్ అక్వేరియం నిపుణులు సజీవశిలకు, నురుగు రూపంలో మలినాలను తీసే యంత్రాన్ని జోడించారు. 'బెర్లిన్ పద్ధతి'గా ప్రసిద్ధమైన ఈ విధానం వల్ల ఇంట్లోనే పగడాలు పెంచడం సాధ్యమైంది. ఫలితంగా ఒక్కో తొట్టికి కిలోల కొద్దీ సజీవశిల అవసరమైంది. ఇండోనేషియాలో మొలకెత్తిన ఆలోచన పాశ్చాత్య నగరాల్లో గిరాకీగా మారి, ఇండోనేషియా దిబ్బల దగ్గరికే తిరిగి వచ్చింది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమానికి చెందిన ప్రపంచ సంరక్షణ పర్యవేక్షక కేంద్రం 2003లో ప్రచురించిన నివేదిక ఈ వ్యాపారపు పరిమాణాన్ని అంచనా వేసింది. దాని ప్రకారం ప్రపంచంలో 15 నుంచి 20 లక్షల మంది ఉప్పునీటి అక్వేరియంలు నడుపుతున్నారు. ఏటా 1.1 నుంచి 1.2 కోట్ల రాతి పగడపు ముక్కలు వ్యాపారంలోకి వస్తున్నాయి. చేపలు, ఇతర జీవులతో కలిపి వార్షిక విలువ 20 నుంచి 33 కోట్ల డాలర్లు. కొనుగోలుదారుల్లో అమెరికా, అమ్మకందారుల్లో ఇండోనేషియా ప్రథమ స్థానంలో ఉన్నాయి.

3. ఫిలిప్పీన్స్: తొలి నిషేధం

1970లలో ఎగుమతయిన పగడాల్లో అత్యధికం ప్రాణంలేనివే. ఎండబెట్టి, తెల్లగా చేసి, ఇళ్లల్లో అలంకారానికి అమ్మేవారు. ఆ వ్యాపారంలో ఫిలిప్పీన్స్ ముందుండేది. 1977లో ఫెర్డినాండ్ మార్కోస్ ప్రభుత్వం 1219వ అధ్యక్ష ఉత్తర్వు ద్వారా పగడాల సేకరణను, ఎగుమతిని అదుపులోకి తెచ్చింది. 1980లో 1698వ ఉత్తర్వు దాన్ని సవరించింది. 1998 నాటి మత్స్య చట్టం పగడాల నిషేధాన్ని మళ్లీ ధ్రువీకరించింది.

ఈ ఆంక్ష రెండు పరిణామాలకు దారితీసింది. నిషేధం తరువాత కూడా ఫిలిప్పీన్స్ పగడాలు దిగుమతి దేశాల లెక్కల్లో 1980లలో కనిపిస్తూనే వచ్చాయి. ఎగుమతి దేశపు చట్టం దిగుమతి దేశపు సుంకం అధికారి చేతిలో అమలు కావలసిన పరిస్థితికి ఇది నిదర్శనం. ఫిలిప్పీన్స్ వాటా తగ్గినకొద్దీ ఇండోనేషియా వాటా పెరగడం రెండవ పరిణామం.

ఇంతకన్నా లోతైన లోపం మరొకటుంది. ఆంక్ష పగడాన్ని మాత్రమే పేర్కొంది. అదే దిబ్బ మీద బ్రతికే రంగుచేపల ఎగుమతి యథావిధిగా సాగింది. 1960ల నుంచే ఫిలిప్పీన్స్‌లో రంగుచేపలను మత్తెక్కించి పట్టడానికి సయనైడ్ ద్రావణాన్ని పగడాల సందుల్లోకి చిమ్మేవారు. ఆ విషం పగడాన్ని కూడా చంపుతుంది. అంటే పగడం దేశం దాటలేదు గానీ ఉన్నచోటనే నశించింది. ఎగుమతిని ఆపడం, నాశనాన్ని ఆపడం ఒకటి కావని ఈ తొలి ఉదాహరణే చూపుతుంది.

4. సైటిస్ ఒప్పందం: నిర్వచనాల యుగం

అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని క్రమబద్ధం చేసే సైటిస్ ఒప్పందం 1975లో అమలులోకి వచ్చింది. 1985లో కొన్ని రాతి పగడపు ప్రజాతులు, 1990 నాటికి మొత్తం రాతి పగడాల క్రమం దాని రెండవ అనుబంధంలో చేరాయి. రెండవ అనుబంధం నిషేధ జాబితా కాదు. ఎగుమతి ఆ జాతి మనుగడకు హాని చేయదని ఎగుమతి దేశపు శాస్త్రాధికార సంస్థ నిర్ధారించాలి, ఆపైన అనుమతిపత్రం జారీ కావాలి. పర్యావరణంలో ఆ జాతి నిర్వహించే పాత్రకు లోటు రాకుండా ఎగుమతులను పరిమితం చేయాలని నాలుగవ అధికరణం చెబుతుంది.

ఈ నియమం ఏనుగుకో పులికో వర్తించినంత సులువుగా రాతి పగడానికి వర్తించదు. సముద్రం నుంచి విరిచి తెచ్చిన ముక్క ఏ జాతిదో నిపుణులు కూడా తరచు తేల్చలేరు. సజీవశిల విషయంలో అది మరీ కష్టం. అందుకే 2000లో కెన్యాలోని గిగిరిలో జరిగిన సభ్యదేశాల సమావేశం ఈ సరుకులను వర్గీకరించింది. రెండు మిల్లీమీటర్ల లోపుది పగడపు ఇసుక. అంతకు పైబడి మూడు సెంటీమీటర్ల వరకు ఉన్నవి పగడపు ముక్కలు. ఈ రెండూ ఒప్పందపు పరిధిలోకి రావు. శిలాజాలూ రావు. అంతకన్నా పెద్దది పగడపు రాయి. అనుబంధాల్లో లేని జీవులు, సున్నపు నాచు అంటి ఉండి, నీటిలో కాక తడిగా పెట్టెల్లో రవాణా అయ్యే పగడపు రాయి సజీవశిల. దాన్ని క్రమం స్థాయిలో గుర్తిస్తే చాలు.

చరిత్రకారుడు ఈ నిర్వచనాన్ని శ్రద్ధగా చదవాలి. ఇక్కడ ఒక సహజ వస్తువు తన జీవలక్షణంతో పాటు పెట్టెలో దాన్ని ఎలా సర్దారన్న దాని ద్వారా కూడా నిర్వచితమైంది. అనుమతిపత్రాల మీది మూలసంకేతాలూ ఇలాంటివే. సముద్రం నుంచి తీసినదానికి 'డబ్ల్యూ', నిర్బంధంలో పెంచినదానికి 'సి' లేక 'ఎఫ్' అని రాస్తారు. పెట్టెలోని రెండు ముక్కలు చూపుకు ఒకే రకంగా ఉండవచ్చు. వాటి మధ్య భేదాన్ని నిలబెట్టేది కాగితం మీది ఆ ఒక్క అక్షరమే.

5. ఫ్లోరిడా నుంచి ఫిజీకి

సజీవశిల సేకరణను అరికట్టిన తొలి ప్రాంతాల్లో ఫ్లోరిడా ఒకటి. 1989లో ఆ రాష్ట్రం తన జలాల్లో దాన్ని నిషేధించింది. వెలుపలి ఫెడరల్ జలాల్లో దశలవారీగా తగ్గించి 1997 నాటికి నిలిపివేశారు. అయితే అక్కడి అధికారులు ఒక మార్గాన్ని తెరిచి ఉంచారు. కౌలుకు తీసుకున్న సముద్రగర్భంలో గనుల నుంచి తెచ్చిన రాయిని వేసి, కొన్నేళ్ల తరువాత నాచుతో జీవులతో కప్పబడినాక తీసి అమ్ముకోవచ్చు. ఆ రాయి స్థానిక సహజశిల నుంచి స్పష్టంగా వేరుగా గుర్తుపట్టేలా ఉండాలన్నది షరతు. కాగితం మీది అక్షరాన్ని నమ్మనక్కరలేకుండా, భేదాన్ని రాతిలోనే ఉంచిన నియమమిది.

పెంపకపు రాయి ఎదగడానికి ఏళ్లు పడుతుంది. గిరాకీ మాత్రం ఆగలేదు. 1990లలో ఫిజీ ఆ ఖాళీని పూరించి, అమెరికాకు సజీవశిలను పంపే ప్రధాన దేశమైంది. ఫిజీలో తీరజలాల మీద గ్రామ సముదాయాలకు సంప్రదాయ చేపలవేట హక్కులుంటాయి. ఆ జలక్షేత్రాలను 'గొలిగొలి' అంటారు. వ్యాపార సంస్థలు ఈ సముదాయాలతో ఒప్పందం చేసుకునేవి. గ్రామస్థులు లోతులేని దిబ్బల మీద ఇనుపకడ్డీలతో రాయిని పెకలించి ఒడ్డుకు చేర్చేవారు. రోజుకూలీ దొరకని ఊళ్లల్లో అది నగదు ఆదాయం. అయితే ఆ రాయే దిబ్బకు చట్రం. అలలను విరిచి ఊరిని కాపాడే గోడ, చేపపిల్లలు తలదాచుకునే చోటు. కిలోల లెక్కన అమ్ముడైన ఆ గోడను తిరిగి కట్టడానికి పగడానికి ఎంతో కాలం కావాలి.

ఫిజీ 1997లో సైటిస్‌లో చేరింది. 2002లో ప్రమాదంలో ఉన్న జీవజాతుల రక్షణ చట్టం చేసింది. చివరకు 2017 డిసెంబరులో పగడాల, సజీవశిలల ఎగుమతిపై నిషేధాన్ని ప్రకటించింది. ఫ్లోరిడా మూసిన తలుపు ఫిజీలో తెరుచుకోవడానికి కొన్నేళ్లు పడితే, ఫిజీ తలుపు మూసుకోవడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

6. ఇండోనేషియా: 2018–2020

ఇండోనేషియాలో పగడాల ఎగుమతి చాలాకాలం జాతులవారీ వార్షిక కోటాల మీద నడిచింది. కోటాలు, సైటిస్ అనుమతులు అప్పట్లో అటవీ పర్యావరణ శాఖ పరిధిలో ఉండేవి. 2000 తరువాత బాలి, తూర్పు జావాలోని బన్యువాంగి వంటి తీరాల్లో పెంపకం విస్తరించింది. తల్లి పగడం నుంచి చిన్న కొమ్మను విరిచి, సిమెంటు దిమ్మెకు కట్టి, సముద్రంలో బల్లల మీద నెలల తరబడి పెంచేవారు. ఇంతకుముందు చేపలకోసం సయనైడ్ వాడిన తీరాల్లో ఇది ఒక ప్రత్యామ్నాయ జీవనోపాధిగా నిలిచింది.

2018 మే నెలలో, సుసి పుజియాస్తుతి మంత్రిగా ఉన్న సముద్ర వ్యవహారాల మత్స్యశాఖ, పగడాల సరుకుకు ఆరోగ్య ధ్రువపత్రాలు ఇవ్వడం నిలిపివేసింది. ఆ పత్రం లేకుండా సరుకు విమానం ఎక్కదు. సైటిస్ అనుమతి ఇచ్చే శాఖ ఒకటి, ఆరోగ్యపత్రం ఇచ్చే శాఖ మరొకటి కావడంతో, మొదటి శాఖ నిషేధించకుండానే వ్యాపారం స్తంభించింది. సముద్రం నుంచి విరిచిన పగడానికీ, సిమెంటు దిమ్మె మీద పెంచిన పగడానికీ కావలసిన పత్రం ఒక్కటే. కాబట్టి రెండూ ఆగిపోయాయి.

నష్టం ఎక్కువగా ఎవరిదన్నది ఇక్కడి ప్రశ్న. అడవి పగడాన్ని సేకరించేవాడు ఆ పని మాని వేట వలకు తిరిగి పోగలడు. పెంపకందారుడు ముందుగానే బల్లలకు, దిమ్మెలకు, కూలీలకు పెట్టుబడి పెట్టాడు. అతని సరుకు బల్లల మీద పెరుగుతూనే ఉంటుంది. సంరక్షణ ఖర్చూ ఆగదు. దిబ్బకు తక్కువ హాని చేసే మార్గాన్ని ఎంచుకున్నవాడే ఎక్కువ నష్టపోయాడు. 2019 అక్టోబరులో మంత్రివర్గం మారింది. 2020 ప్రారంభంలో పెంపకపు పగడాలతో ఎగుమతి తిరిగి మొదలయింది. మొదట గుర్తించవలసిన భేదాన్ని సుమారు 20 నెలల తరువాత గుర్తించినట్టయింది.

7. ఆంక్షల తరువాత సరుకు దారి

2018లో ఫిజీ, ఇండోనేషియా రెండూ మూతపడడంతో కొనుగోలు దేశాలు మూడు దారులు వెతుక్కున్నాయి. మొదటిది ఆస్ట్రేలియా. క్వీన్స్‌లాండ్ పగడాల వేటకు ఏటా 200 టన్నుల పరిమితి ఉంది; అందులో 60 టన్నులు విశిష్ట పగడాలకు, 140 టన్నులు సజీవశిలకు, ఇతర పగడాలకు కేటాయించారు. రెండవది ఇంటి పెంపకం. అక్వేరియంలో పెరిగిన పగడాన్ని ముక్కలు చేసి ఒకరికొకరు అమ్ముకోవడం బలపడింది. మూడవది సజీవశిలకు బదులు పింగాణీ, సిమెంటు రాళ్లు, నేలమీది పురాతన దిబ్బల నుంచి తవ్విన ఎండురాయి. శిలాజం ఒప్పందపు పరిధిలోకి రాదన్న నిర్వచనం ఈ చివరి దారికి వెసులుబాటు కల్పించింది.

వీటిలో రెండవ, మూడవ దారులు దిబ్బల మీది ఒత్తిడిని కొంత తగ్గించాయనడంలో సందేహం లేదు. అయితే దాని మూల్యాన్ని గమనించాలి. పగడం అమెరికా, ఐరోపా ఇళ్లల్లోనే పెరిగి అక్కడే అమ్ముడైతే, ఆ జాతి పుట్టిన తీరానికి దక్కేది ఏమీ ఉండదు. దిబ్బ బ్రతికి ఉండడంలో ఊరికి ఆర్థికమైన ఆసక్తి లేకపోతే, సున్నం కోసమో రోడ్డు కోసమో అదే దిబ్బను తవ్వేవారిని ఎదిరించడానికి ఆ ఊరికి ఒక కారణం తగ్గుతుంది.

8. ముగింపు

ఈ ఉదాహరణలను కలిపి చూస్తే మూడు విషయాలు స్పష్టమవుతాయి. సరుకు పేరును మాత్రమే పట్టుకున్న ఆంక్ష, అదే దిబ్బపై సాగే ఇతర నాశనాన్ని ఆపలేదు. ఫిలిప్పీన్స్ అందుకు సాక్ష్యం. ఒక దేశపు ఆంక్ష గిరాకీని తగ్గించకుండా ఉంటే సేకరణ మరో తీరానికి తరలింది. ఫ్లోరిడా, ఫిజీల క్రమం అందుకు సాక్ష్యం. సహజమైనదానికీ పెంచినదానికీ భేదం చూపని ఆంక్ష, మార్పు కోరి పెట్టుబడి పెట్టినవారినే దండించింది. ఇండోనేషియా అందుకు సాక్ష్యం. వీటి మధ్య ఫ్లోరిడా కౌలు నియమం ఒక్కటే భేదాన్ని వస్తువులోనే కనిపించేలా చేసింది.

భారతదేశం 2001లో రాతి పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చి, అత్యున్నత రక్షణ కల్పించింది. మన్నారు సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ దిబ్బల విషయంలో ఈ రక్షణ అవసరమైనదే. కానీ రక్షణ చట్టం ఉండడంతో చరిత్ర ముగియదు. మోటుపల్లి రేవులో సుంకం అధికారి ముందు నిలిచిన ప్రశ్న పగడం మీద ఎంత వసూలు చేయాలన్నది. నేటి అధికారి ముందున్న ప్రశ్న తన చేతిలోని ముక్క ఎక్కడ, ఎలా పెరిగిందన్నది. దీనికి నమ్మదగిన సమాధానం ఇవ్వగల పద్ధతిని ముందుగా నిర్మించి, ఆ తరువాత తలుపు మూసిన ఆంక్షలే దిబ్బకూ, దానిమీద ఆధారపడిన ఊరికీ ఒకేసారి న్యాయం చేయగలవు.